కాలవ వంతెన మీద కొత్త మోడల్

"కారును నడిపేవాడు డ్రైవరు. కారును తుడిచేవాడు క్లీనరు. కారును కొనేవాడు వట్టి ధనవంతుడు. కారును అర్థం చేసుకున్నవాడు మాత్రమే రసజ్ఞుడు!"

వేగవాహన రసజ్ఞ మండలి నియమావళిలో మొదటి వాక్యం ఇది. రాసినవాడు మండలి కార్యదర్శి. పన్నుల ఆఫీసులో సూపరింటెండెంటు. ఆ వాక్యం పూర్తయ్యేదాకా టీలు కాచి అందించినది ఆయన ఇల్లాలు. చివర ఆశ్చర్యార్థకం పెట్టాలా, చుక్క చాలా అన్న చర్చలోనే రెండు దఫాల టీ ఇంకిపోయింది.

మండలిలో సభ్యులు ఎనిమిదిమంది. అందరికీ కలిపి కార్లు మూడు. స్పోర్ట్స్ కార్లు సున్న. అయినా ప్రతి ఆదివారం పొద్దున్నే కార్యదర్శిగారి హాల్లో చేరి, ప్రపంచంలో ఏ కంపెనీ ఎక్కడ పొరపాటు చేస్తోందో తేల్చేవారు. కంపెనీలకు ఆ సంగతి తెలియకపోవడం వాటి దురదృష్టం. అధ్యక్షుడు కళ్ళజోళ్ళ షాపు యజమాని. ఉపాధ్యక్షుడు పళ్ళ డాక్టరు. కోశాధికారి బీమా ఏజెంటు. మిగిలినవాళ్ళు మామూలు సభ్యులు. "అవునవును" అనడం వాళ్ళ శాఖ.

ఆ ఆదివారం పళ్ళ డాక్టరు ఆలస్యంగా వచ్చాడు. వచ్చి కూర్చోలేదు.

"తలుపెయ్యండి," అన్నాడు.

వేశారు.

"కిటికీలు కూడా."

అవీ వేశారు. ఫ్యాను మాత్రం ఉండనిమ్మని అధ్యక్షుడు బతిమాలాడు.

"చూశాను," అన్నాడు డాక్టరు.

"దేన్ని?"

"దాన్ని!"

ఒక సభ్యుడి చేతిలో బిస్కట్టు టీలో మునిగి, విరిగి, అడుక్కి వెళ్ళిపోయినా ఎవరూ సంతాపం తెలపలేదు.

'అది' అంటే ఒక పెద్ద కంపెనీ ఇంకా విడుదల చెయ్యని స్పోర్ట్స్ కారు. దానికింకా పేరు కూడా పెట్టలేదు. ఇలాంటి బండ్లను విడుదలకు ముందు మామూలు రోడ్ల మీదే నడిపి పరీక్షిస్తారు. ఆకారం ఎవరికీ అంతుపట్టకుండా ఒళ్ళంతా నలుపు తెలుపు మెలికల తొడుగు వేస్తారు. అందుకని రసజ్ఞుల లెక్కలో కప్పని కారు కారే కాదు. ఎంత కప్పితే అంత గొప్ప.

డాక్టరు ఫోను బల్ల మీద పెట్టాడు. ఎనిమిది తలకాయలు వంగాయి. గోదాముల వెనక రోడ్డు, పొగమంచు, మంచులో నలుపు తెలుపు మెలికలతో ఒక మబ్బు. మబ్బుకి చక్రాలున్నాయి.

"తెల్లవారుతుండగా నడకకి వెళ్ళాను. ఉరుములా వచ్చింది. వణుకుతూ తీశాను. అందుకే ఇలా అలికినట్టుంది."

"అలికినట్టుండటమే దీనికి సాక్ష్యం," అన్నాడు అధ్యక్షుడు. "స్పష్టంగా ఉంటే నేనే అనుమానించేవాణ్ణి."

కార్యదర్శి భూతద్దం తెచ్చాడు. "వెనక తలుపులు లేవు. గమనించారా? రెండే తలుపులు!"

"అవునవును!"

"పైన అంచు వెంబడి గుండ్రంగా మెరుస్తున్నవి?"

"సెన్సర్లు," అన్నాడు డాక్టరు. "గాలి ఒత్తిడి కొలవడానికి. వరసగా పన్నెండు లెక్కపెట్టాను."

"వెనకాల లేచి ఉన్నది?"

"వేగాన్ని బట్టి దానంతటదే లేచే రెక్క," అన్నాడు కార్యదర్శి. "బండి నెమ్మదిస్తే ముడుచుకుంటుంది. పురి విప్పిన నెమలి అనుకోండి."

"ఇక ఈ మెలికలు!" అన్నాడు డాక్టరు. "ఇవి తోచినట్టు గీసినవి కావు సార్. గణిత శాస్త్రవేత్తలు కూర్చుని లెక్కగట్టి గీస్తారు. చూపు ఎక్కడా నిలవకూడదు."

సరిగ్గా అప్పుడే ఇల్లాలు టీ పళ్ళెంతో వచ్చి, భర్త భుజం మీదుగా ఆ ఫొటో చూసింది. ఆవిడ చూపు మాత్రం నిలిచింది. పళ్ళెం నిలవలేదు. రెండు కప్పులు తొణికి, నియమావళి మొదటి పేజీ మీద పడ్డాయి.

ఎందుకంటే ఆ మెలికలు గీసిన గణిత శాస్త్రవేత్త దగ్గర ఆవిడ స్వయంగా బేరమాడింది. బట్టల దుకాణంలో, తగ్గింపు ధరల మూల. అవి ఆవిడ హాలు కర్టెన్లు. ఆరేళ్ళు ఇదే హాల్లో, ఇదే బల్ల పక్కన, ఇదే భర్త తలకాయ వెనకాల వేలాడాయి. కిందటి ఏడాదే మార్చింది. ఆ పన్నెండు సెన్సర్లూ వాటి రింగులు. పురి విప్పిన నెమలి, గాలికి ఊడొచ్చిన కర్టెన్ కొస.

ఇంక కారు సంగతంటారా? అది ఆయన కారే.

*

కార్యదర్శి ఆ కారును రెండేళ్ళ కిందట కొన్నాడు. నాలుగు తలుపుల, ఏ గొప్పలూ లేని, ముదురు ఎరుపు పాత బండి. అమ్మినాయన స్వయంగా నడుపుకొచ్చి ఇంటి పక్క షెడ్డులో పెట్టి వెళ్ళాడు. అది మొదలు అక్కడే ఉంది. ఆదివారం ఆదివారం మండలి వెళ్ళిపోయాక ఆయన ఇంజను స్టార్టు చేసి, కళ్ళు మూసుకుని కాసేపు విని, ఆపేసేవాడు. రోజూ సాయంత్రం టార్చి వేసి ఒంటి మీద గీతలున్నాయేమో వెతికేవాడు. బయటికి మాత్రం తీసేవాడు కాదు. ఎండాకాలం టైర్లు కరుగుతాయి. వానాకాలం లోపలికి నీళ్ళొస్తాయి. చలికాలం ఇంజను అలుగుతుంది. పెట్రోలు నాణ్యత అన్ని కాలాల్లోనూ తక్కువ. ఆయన బస్సులో ఆఫీసుకి వెళ్ళి, బస్సు గేరు మార్పుల మీద విమర్శలు చేస్తూ తిరిగొచ్చేవాడు.

ఇల్లాలు ఇదంతా భరించేదే. కాని ఒకనాడు ఊరి ఆ చివర ఒంటరిగా ఉండే ఆవిడ అక్క మెట్ల మీంచి జారిపడింది. ఫోనొచ్చింది. "ఏమండీ, కారు తియ్యండి," అంది. ఆయన కిటికీలోంచి ఆకాశం చూశాడు. "చినుకులు పడేలా ఉన్నాయోయ్. బస్సే మేలు," అన్నాడు. రెండు బస్సులు మారి ఆవిడ వెళ్ళేసరికి ఎవరో అక్కని ఆస్పత్రికి తీసుకెళ్ళిపోయారు, ఇంటికి తాళం. ఏ ఆస్పత్రో చెప్పేవాళ్ళు లేక, ఆ తాళం ముందు మెట్ల మీద కూర్చుని ఆవిడ ఒక నిర్ణయానికొచ్చింది.

పక్కింట్లో ఒక నర్సు ఉంది. రాత్రి డ్యూటీ దిగి తెల్లవారుజామున ఇంటికొస్తుంది. సొంత కారూ లేదు, కార్ల మీద అభిప్రాయాలూ లేవు. లైసెన్సు మాత్రం ఉంది. నర్సు పక్కన కూర్చుని చెబుతుంది, ఇల్లాలు నడుపుతుంది. ఆయన లేచే వేళకి కారు షెడ్డులో, ఇల్లాలు వంటింట్లో. ఒక్క గీత పడినా టార్చికి దొరికిపోతుందని చుట్టూ పాత కర్టెన్లు కప్పి, బట్టల క్లిప్పులు పెట్టారు. ముందు తలుపులు తెరుచుకోవాలి కాబట్టి వాటిని విడిగా చుట్టి, వెనక తలుపుల మీదుగా ఒకే కర్టెన్ లాగేశారు. పెట్రోలు తరుగుతోందని ఆయన ఒకసారి గమనించాడు. గమనించి, పెట్రోలు ఆవిరయ్యే స్వభావం గురించి భార్యకి అరగంట పాఠం చెప్పాడు. ఆవిడ ఎంతో శ్రద్ధగా విన్నది.

శుక్రవారం లైసెన్సు పరీక్ష. అన్నీ వచ్చాయి, ఒక్క రివర్సు తప్ప. వెనక్కి వెళ్ళాలంటే ముందుకి చూడకూడదన్న సంగతి ఆవిడ మెడకి ఎక్కడం లేదు. గోదాముల దగ్గర ఆవరణ విశాలంగా ఉంది గనక గుండ్రంగా తిరిగి వచ్చేసేది. ఇన్‌స్పెక్టరు ఆవరణ అంత విశాల హృదయంతో ఉండదని నర్సు రోజూ హెచ్చరించేది.

*

ఆ ఆదివారమే వీడియో కూడా వేశారు. డాక్టరు ఫోనులో కొన్ని క్షణాలు మాత్రమే. గాండ్రింపు, మెలికలు, మాయం.

కార్యదర్శి కళ్ళు మూసుకుని విన్నాడు. వారం వారం తాను చెవొగ్గి వినే ఇంజనే అది. "ఎనిమిది సిలిండర్లు," అన్నాడు. "మన షెడ్డులోది పిల్లి గురక. ఇదీ, పులి అంటే!"

ఆ పులి గాండ్రించడానికి కారణం, మొదటి గేరులోంచి రెండోదానికి మార్చడం ఆవిడ మరిచిపోవడం. ఆ సంగతి చెప్పే చోటు కాదు కనక బిస్కట్లు సర్దుతూ నిలబడింది.

"మలుపు చూశారా?" అన్నాడు డాక్టరు. "బ్రేకు దీపం వెలగలేదు! అంత మలుపులో బ్రేకు ముట్టుకోలేదంటే ఏం గుండె అది?"

"విదేశీ డ్రైవరు," తేల్చేశాడు అధ్యక్షుడు. "మనవాళ్ళకి ఆ నిబ్బరం రాదు."

"రెండు చేతులూ స్టీరింగు మీద ఎలా బిగుసుకుని ఉన్నాయో చూడండి. అది శిక్షణ! పుట్టుకతో వచ్చేది కాదు."

ఇల్లాలికి ఆ మలుపు బాగా గుర్తుంది. ఆ సమయంలో ఆవిడ కాలు బ్రేకు కోసం వెతుకుతోంది. చేతులు బిగుసుకున్నది ప్రాణభయంతో. పక్కన నర్సు దేవుళ్ళందరినీ పేరు పేరునా పిలిచి హాజరు వేసుకుంటోంది.

నవ్వాలి కదా? మొదట నవ్వింది కూడా. వంటింట్లోకి వెళ్ళి, కొంగు నోట్లో కుక్కుకుని. కాని గిన్నెలు కడుగుతుంటే ఆ మాట మళ్ళీ చెవిలో పడింది. 'ఏం గుండె అది!' పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ హాల్లోంచి వంటింట్లోకి వచ్చిన పొగడ్త "టీ బావుందోయ్" ఒక్కటే. అదీ చక్కెర ఎక్కువైన రోజున. ఆవిడ గిన్నె కిందపెట్టి, ఇవతలి గదిలో అద్దం ముందు నిలబడి, రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నట్టు పెట్టి చూసుకుంది. నిజమే, నిబ్బరం ఉంది. ఇన్నాళ్ళూ తనకే తెలియలేదు!

ఎదుటివాళ్ళ డాబు చూసి ఇంతకాలం లోపల్లోపల నవ్వుకున్న మనిషి. తన వంతు వచ్చేసరికి ఒక్క పూట కూడా ఆగలేకపోయింది.

మర్నాడు పొద్దున్న కారెక్కుతూ నల్ల కళ్ళద్దాలు తీసింది. నర్సు ఆస్పత్రి మాస్కు ఒకటి అడిగి పెట్టుకుంది.

"ఏంటి వదినా, జలుబా?"

"కాదు. కెమెరాలున్నాయిట."

"ఉంటే?"

"విదేశీ డ్రైవర్ని కదా, మొహం కనిపించకూడదు."

నర్సు ఆవిడ నుదురు తాకి చూసింది. "జ్వరం లేదు," అంది. "వదినా, శుక్రవారం పరీక్ష. నీకు రివర్సు రాదు. నువ్వు వేషాలేస్తున్నావ్!"

వేషం వెయ్యడమే కాదు, పొద దగ్గర డాక్టరుగారి తెల్ల బూట్లు కనిపించగానే ఆవిడ మోచెయ్యి కిటికీ మీద ఆనించి, మలుపులో కావాలనే బ్రేకు తొక్కలేదు. ఆ వేళ దేవుళ్ళని పిలిచింది నర్సు ఒక్కతే కాదు, డాక్టరూ పిలిచాడు. కర్టెన్ ఆయన ముక్కు తుడుచుకుంటూ పోయింది.

*

మంగళవారం సాయంత్రం అత్యవసర సమావేశం. తీర్మానం నంబరు ఒకటి: రేపు తెల్లవారుజామున కాలవ మీద ఇరుకు వంతెన దగ్గర 'దాన్ని' అడ్డగించి, దగ్గరనుంచి దర్శించాలి. తీర్మానం నంబరు రెండు: ముట్టుకోకూడదు. తీర్మానం నంబరు మూడు: ముట్టుకోవలసి వస్తే అధ్యక్షుడు ముందు ముట్టుకోవాలి.

టీ ఇస్తూ ఆవిడ అంతా విన్నది. బుద్ధి ఉన్నదైతే బుధవారం మానేసి ఊరుకోవాలి. మానేస్తే రివర్సుకి మిగిలేది గురువారం ఒక్కటే. అది సగం కారణం. మిగతా సగం కళ్ళద్దాలు తుడిచి తలగడ పక్కన పెట్టుకుని పడుకోవడంలో ఉంది.

"వంతెన వద్దు," అంది నర్సు పొద్దున్న, ఆయన చీకటితోనే వెళ్ళిపోయాక కారెక్కుతూ. "ఇటు తిప్పు."

"దూరంనుంచి ఒక్కసారి కనిపించి వచ్చేద్దాం. పాపం, ఎదురుచూస్తుంటారు."

వంతెన అంటే పేరుకే. ఒక కారు పడితే పక్కన సైకిలు పట్టదు. దాని మధ్యకి వెళ్ళేసరికి అవతలి ఒడ్డున ఎనిమిది ఫోన్లు గాలిలోకి లేచాయి. ఆ మెరుపులకి ఆవిడ తలెత్తి, చెయ్యి ఊపబోయి, క్లచ్చు మీద కాలు మరిచిపోయింది. పులి ఒక్కసారి దగ్గి ఊరుకుంది. అదే సమయంలో అటునుంచి రొట్టెల వ్యాను వంతెనెక్కి ముక్కు మీద ముక్కు పెట్టి ఆగింది. దాని వెనక పాలవాడు, పాలవాడి వెనక స్కూలు బస్సు.

రసజ్ఞులు వ్యాను పక్కనుంచి దూరి పరిగెత్తుకొచ్చారు. మూడో తీర్మానం ఎవరికీ గుర్తులేదు. కార్యదర్శి అందరికన్నా ముందు. మోకాళ్ళ మీద కూర్చుని, తొడుగు మీద చెయ్యి వేసి, మునివేళ్ళతో నిమిరాడు. ఆయన వేళ్ళకి ఒక కుట్టు తగిలింది. చిరిగినచోట ఆయన భార్యే వేసిన మాసిక. ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఇవి... మన హాలు కర్టెన్లు కదూ?"

కారును అప్పటికీ పోల్చలేదు.

అద్దం దిగింది. కళ్ళద్దాలూ మాస్కూ తొలిగాయి. "ఏమండీ," అంది విదేశీ డ్రైవరు, "హెచ్చరిక లైట్లు ఎక్కడుంటాయండీ దీనికి?"

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "కార్యదర్శిగారూ! ఏమిటిది?"

కార్యదర్శి భార్యని చూశాడు, కారుని చూశాడు, రింగులు చూశాడు. లేచి నిలబడి మోకాళ్ళు దులుపుకున్నాడు. లేచేలోపల ఆయన మొహంలో పన్నుల ఆఫీసు ప్రవేశించింది.

"పరీక్ష," అన్నాడు. "సభ్యుల పరిశీలనా శక్తికి నేనే ఏర్పాటు చేసిన పరీక్ష. ఫలితాలు చాలా విచారకరంగా ఉన్నాయి."

"అలాగా!" అన్నాడు డాక్టరు తడుముకోకుండా. "నాకు మొదటిరోజే తెలుసు. మీరెప్పుడు బయటపడతారా అని చూస్తున్నాను."

"నేను రింగులు చూసే పట్టేశాను," అన్నాడు అధ్యక్షుడు. "మర్యాదకి చెప్పలేదు."

"అవునవును," అన్నారు మిగతావాళ్ళు. అందరికీ మొదటిరోజే తెలుసు.

వ్యాను హారన్ కొట్టింది. స్కూలు బస్సు ఇంకా గట్టిగా కొట్టింది. "అమ్మా, వెనక్కి తియ్యండమ్మా! రొట్టెలు చల్లారిపోతున్నాయి!"

ఇల్లాలు నర్సు వైపు చూసింది. నర్సు చేతులు కట్టుకుని కూర్చుంది. "ఇంతమంది సార్లుండగా నేనెందుకు వదినా?" అంది, మహా వినయంగా.

నిజమే కదా అనిపించింది ఆవిడకి. కారు దిగి, తాళం చెవి అందరి ముందూ పట్టుకుంది. "అన్నయ్యగారూ, ఎవరైనా కాస్త రివర్సు చేసి పెడతారా? నాకు అదొక్కటే రాదు."

అధ్యక్షుడు చెవి అందుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. "తప్పకుండా చెల్లెమ్మా! కాని ఇవాళ చదివే జోడు పెట్టుకొచ్చాను. దూరానికి పనికొచ్చేది షాపులో ఉండిపోయింది. డాక్టరుగారూ?"

"నాకు గేర్లు లేని బండి అలవాటు వదినగారూ. మళ్ళీ గేర్లు ముట్టుకుంటే చేతికి పాత అలవాట్లొస్తాయి. పళ్ళు పీకే చెయ్యి కదా, జాగ్రత్తగా ఉండాలి." చెవి బీమా ఏజెంటుకి వెళ్ళింది.

"అయ్యో! ఈ బండికి పాలసీ నేనే చేశాను. నేనే నడిపితే ప్రయోజనాల సంఘర్షణ కిందికి వస్తుంది. పైవాళ్ళు ఒప్పుకోరు."

చెవి కాలుతున్నట్టు చేతులు మారింది. ఒకాయనకి మెడ పట్టేసింది. ఒకాయన వంతెనల మీద నడపనని వాళ్ళమ్మకి మాటిచ్చాడట. ఒకాయన చెవి మీద చెక్కిన ముద్రని మెచ్చుకుని పక్కాయనకిచ్చాడు. ఆ పక్కాయన "అవునవును" అని దాన్ని కార్యదర్శి చేతిలో పెట్టాడు.

"మీరు తియ్యండి, మీ బండే కదా," అంది ఆవిడ.

"ఇప్పుడా? ఇంజను వేడి మీద ఉండగా రివర్సు వేస్తే గేరు బాక్సు..." అని మొదలుపెట్టి ఆయన ఆగాడు. నుదుటి మీద చెమట. ఆ చలిలో! చెవిని ఎలా పట్టుకోవాలో తెలియనట్టు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు.

ఆవిడ ఆ వేళ్ళని చూసింది. ఎండాకాలం, వానాకాలం, చలికాలం అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. బయటికి తీస్తే బండి పాడవుతుందని ఆయన భయమనుకుంది రెండేళ్ళూ. ఎంత పిచ్చిది! కర్టెన్లని ఆయన పోల్చలేదని నవ్వుకుంది గాని, ఇంట్లో మనిషి దేన్ని కప్పుకుని తిరుగుతున్నాడో తనూ పోల్చలేదు. చినుకుల రోజున ఆకాశం చూసిన ఆ మొహం గుర్తొచ్చి కోపం రావలసింది. వచ్చింది కూడా. కాని ఎదురుగా నిలబడ్డవాడి చెమట చూస్తే అది సగంలో ఆగిపోయింది.

"ఇలా ఇవ్వండి," అని చెవి తీసుకుంది.

సీట్లో కూర్చుని రివర్సు గేరు వేసిందో లేదో, చేతకానివాళ్ళందరికీ చేతనయింది. "ఎడమకి! ఎడమకి!" "కాదు చెల్లెమ్మా, కుడి!" "కొద్దిగా ముందుకెళ్ళి వెనక్కి!" "మెల్లిగా... గట్టిగా!" ఎనిమిది నోళ్ళు, పదహారు చేతులు. ఆవిడ అద్దాలన్నీ పైకెత్తేసింది. లోపల నిశ్శబ్దం. మెడ వెనక్కి తిప్పింది. వెనకాల వంతెన సూటిగా ఉంది. దాని పని అది చేసుకుంటోంది. క్లచ్చు మెల్లగా వదిలింది. కారు కదిలింది. ఒక కర్టెన్ కమ్మీకి చిక్కుకుని పర్రున చిరిగి అక్కడే ఉండిపోయింది. ముదురు ఎరుపు బండి, ఏ గొప్పలూ లేని బండి, వంకర లేకుండా వెనక్కి వచ్చి రోడ్డు పక్కన ఆగింది.

"వచ్చేసింది వదినా," అంది నర్సు. "శుక్రవారం కూడా వీళ్ళని తీసుకెళదాం. కేకలేస్తే నీకు బాగా వస్తుంది."

*

శుక్రవారం వాళ్ళెవరూ రాలేదు. కార్యదర్శి మాత్రం సెలవు పెట్టి వచ్చాడు. ఎందుకని ఆవిడా అడగలేదు, ఆయనా చెప్పలేదు. అత్తగారు కూడా "నేనూ గాలికొస్తా" అని వెనక సీట్లో కూర్చుంది. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో పేపరు చదువుకుంటూ, మండలి వచ్చినప్పుడు గది తలుపు వేసుకునే పెద్దావిడ. నర్సు ఆఫీసుదాకా పక్కన కూర్చుని వచ్చి, ఆ వేళ పగటి డ్యూటీ ఉందని అట్నుంచి అటే వెళ్ళిపోయింది.

ఇన్‌స్పెక్టరు ఆవలించే మనిషి. "ముందుకెళ్ళడం ఎవరికైనా వస్తుంది. వెనక్కి రండి," అన్నాడు.

వచ్చింది. పాతిన కర్రల మధ్యనుంచి, మెడ తిప్పి, నింపాదిగా. ఆయన ఆవలింత మధ్యలో ఆపేశాడు. "బావుందమ్మా! పాసు. ఎవరు నేర్పారు రివర్సు?"

ఆవిడ నిజమే చెప్పబోయింది. కాని అవతల భర్త నిలబడి ఉన్నాడు. ఆవిడ చేతిసంచి పట్టుకుని, తనని ఎవరైనా ఏమైనా అడుగుతారేమోనన్నట్టు నేలచూపులు చూస్తూ.

"మా వారేనండి," అంది. "కార్ల సంగతి ఆయనకి తెలియంది లేదు."

ఏ గేరూ ఆ అబద్ధమంత మెత్తగా పడలేదు ఆవిడకి ఇప్పటిదాకా.

ఇన్‌స్పెక్టరు ఆయనకి నమస్కారం పెట్టాడు. ఆయన మొదట వెనక్కి తిరిగి చూశాడు, ఎవరికా అని. తనకేనని తెలిశాక నేలచూపులు పోయాయి. తల లేచింది. తరవాత ఛాతీ లేచింది. కాయితాల పని అయ్యేలోపల పక్కకి వెళ్ళి ఎవరెవరికో ఫోన్లు చేశాడు.

ఇంటికి తిరిగొస్తుంటే ముందు సీట్లో కూర్చుని, "గేరు మార్చు... ఆఁ, అలా! నేను చెప్పలేదూ?" అంటూ వచ్చాడు. ఏమీ చెప్పలేదు. ఆవిడ ఊరుకుంది. చెప్పిన అబద్ధానికి పెట్రోలు తనే పోసింది కదా.

వీధి మొదట్లో మలుపు తిరిగేసరికి కింద గేటు దగ్గర ఏడుగురూ నిలబడి కనిపించారు. అధ్యక్షుడి చేతిలో పూలగుత్తి.

"రమ్మన్నానులే," అన్నాడు ఆయన. "నా శిక్షణ... అదే, మన బండి చూస్తారని." ఆపైన దగ్గాడు. "ఏమోయ్, ఇక్కడ కాస్త ఆపుతావా?"

"ఎందుకు?"

"ఏంలేదు. ఇక్కణ్ణుంచి గేటుదాకా పల్లమే కదా? ఇంజనుతో కూడా పనిలేదు. ఒక్క ఇంతదూరం నేను ఆ సీట్లో కూర్చుంటే..."

వెనక సీట్లోంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఆపమ్మాయ్. మీ మామగారు కూడా సరిగ్గా ఇక్కడే ఆపించేవారు."

ఆపక్కర్లేకపోయింది. ఆ మాటకి కారే ఆగింది.

"మామగారా?"

"ఆయనకెక్కడ వచ్చే తల్లీ! ఊళ్ళన్నీ నేనే తిప్పేదాన్ని. ఇక్కడ నేను దిగి వెనక్కి, ఆయన ముందుకి. ముప్పై ఏళ్ళు ఈ పల్లంలో ఎంత బాగా నడిపారనుకున్నావ్! వీధి వీధంతా మెచ్చుకునేది."

"అమ్మా! నువ్వు... కారు... నాకెప్పుడూ చెప్పలేదే!"

"నువ్వు వెనక సీట్లో నిద్రపోతుండేవాడివిరా," అంది పెద్దావిడ. "ఇంకా లేచినట్టు లేవు."

ఇల్లాలు అద్దంలో అత్తగారిని చూసింది. అత్తగారు కిటికీలోంచి బయటికి చూస్తోంది, ఏమీ అననట్టు. ముప్పై ఏళ్ళు!

"సరే, దిగండి," అంది భర్తతో.

ఆయన దిగాడు. చొక్కా సర్దుకున్నాడు. జుట్టు సర్దుకున్నాడు. హుందాగా కారు వెనకనుంచి చుట్టి వస్తున్నాడు. ఆయన డిక్కీ దాకా వచ్చేసరికి ఆవిడ మొదటి గేరు వేసింది.

"రెండోది కూడా వెయ్యి," అంది అత్తగారు. "ఇంజను అరుస్తోంది."

వేసింది. కారు పల్లంలోకి సాఫీగా దిగి గేటు ముందు ఆగింది. పూలగుత్తి గాలిలో ఎవరికివ్వాలో తెలియక ఊగింది. ఏడుగురూ ముందు ఆవిణ్ణి చూశారు. తరవాత వీధి పైనుంచి వేగంగా నడుస్తూ, మధ్యమధ్య పరిగెత్తుతూ వస్తున్న కార్యదర్శిని చూశారు.

"ఇదేమిటి సార్," అన్నాడు అధ్యక్షుడు, "మీరు నడిచొస్తున్నారు?"

కార్యదర్శి ఊపిరి తీసుకున్నాడు. చెమట తుడుచుకున్నాడు. భార్యని చూశాడు, తల్లిని చూశాడు.

"వెనక చక్రాల వాలు పరిశీలిద్దామని దిగాను," అన్నాడు. "లోపల కూర్చున్నవాళ్ళకి అది ఎప్పటికీ తెలియదు."

"అవునవును!" అన్నారు అందరూ.

పళ్ళ డాక్టరు అప్పటికే చక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఫొటో తీస్తున్నాడు.